నొక్కమని నేను చెప్పలేదు

మెయిల్ సర్వర్ చూసుకునేవాళ్ళ పని సరిగ్గా జరిగిన రోజున వాళ్ళను ఎవరూ తలుచుకోరు. ఏదైనా ఆగిపోయిన రోజున మాత్రం ఆఫీసులో అందరికీ వాళ్ళ పేరు గుర్తొస్తుంది. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ముందు దీనికి సిద్ధపడాలి. మెప్పు కావాలంటే వేరే పని చూసుకోండి.

నా పేరు మునిరత్న. కోలారు బంగారు గనుల్లో, ఛాంపియన్ రీఫ్స్ దగ్గర, గని కూలీలకు వరసగా కట్టించిన ఒక లైన్ ఇంట్లో పెరిగాను. మా తాత చిత్తూరు వైపు పల్లె నుంచి గని పనికి వచ్చినవాడు. మా నాన్న కూడా గనిలోనే చేశాడు. గనులు మూసేశాక ఇల్లు ఖాళీ చెయ్యమని నోటీసు వస్తే, “నేను యాడికీ పోను, కావాలంటే మీరే వచ్చి మోసుకుపోండప్పా” అని గడప దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మోసుకుపోవడానికి ఎవరూ రాలేదు. నాకు ఆయన బుద్ధే వచ్చిందని మా అమ్మ అనేది. మెచ్చుకోలుగా కాదు.

నేను రోజూ రైలెక్కి మాలూరు పోయి ఒక మామిడి గుజ్జు కంపెనీలో పనిచేశాను. ఆఫీసు మాలూరు ఇండస్ట్రియల్ ఏరియాలో, ఫ్యాక్టరీ శ్రీనివాసపురంలో. రెండుచోట్ల మనుషులు వాడే మెయిల్ సర్వర్ నా చేతిలో ఉండేది. వచ్చిన ప్రమోషన్ల గురించీ, రాని ప్రమోషన్ల గురించీ ఇక్కడ రాయను. ఒక మామిడి సీజన్‌లో జరిగింది రాస్తాను. ఈ ఉద్యోగం అసలు ఏమిటో నాకు ఆ సీజనే నేర్పింది.

ఆ పెట్టె ఎందుకు వస్తుంది

కథకు ముందు కొంచెం పాఠం. మీ ఫోను మెయిల్ కోసం సర్వర్ దగ్గరికి పోయినప్పుడు, పాస్‌వర్డ్ ఇచ్చే ముందు “నువ్వెవరు?” అని అడుగుతుంది. సర్వర్ తన సర్టిఫికెట్ చూపిస్తుంది. అందులో పేరు ఉంటుంది, గడువు ఉంటుంది, ఇద్దరూ నమ్మే ఒక పెద్దమనిషి సంతకం, అంటే సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థ సంతకం ఉంటుంది. అన్నీ సరిపోతే ఫోను నోరెత్తదు. ఒక్కటి సరిపోకపోయినా తెరమీద ఒక పెట్టె వస్తుంది. ఈ సర్వర్ ఎవరో నాకు తేలడం లేదు, ముందుకు పోనా, ఆగిపోనా అని అడుగుతుంది.

సర్టిఫికెట్ల వ్యవస్థ మొత్తం కట్టింది ఆ ఒక్క ప్రశ్న సరైన సమయంలో అడగడానికే. మనిషి ఆ ప్రశ్న చదవకుండా కంటిన్యూ నొక్కడం అలవాటు చేసుకున్నాడంటే, మీరు పెట్టిన తాళాలన్నీ అలంకారానికే. సర్టిఫికెట్ తెచ్చి సర్వర్‌లో పెట్టడం ఈరోజుల్లో ఎవరైనా చేస్తారు, యంత్రం తనంతట తానే చేసుకుంటుంది కూడా. మనుషులకు ఆ చెడ్డ అలవాటు కాకుండా చూడటమే మన ఉద్యోగం. ఇది ఏ కోర్సులోనూ చెప్పరు.

కొత్త పేరు

మా కంపెనీ ఆ ఏడు పేరు మార్చుకుంది. పాత పేరు పల్లెటూరి పేరులా ఉందని బయటి దేశాల కొనుగోలుదారులు నవ్వుతున్నారట. ఈ ఆలోచన జనరల్ మేనేజర్ దినకర్‌గారిది. ఆయన బెంగళూరు నుంచి వచ్చినవాడు, చురుకైనవాడు, తన మాటకు అడ్డు చెబితే సహించలేనివాడు. కొత్త పేరుతో మెయిల్ ఏర్పాటు చెయ్యడానికి ఆయనే బెంగళూరులో ఒక కాంట్రాక్టరును పట్టుకొచ్చాడు.

ఆ కాంట్రాక్టరు కొత్త పేరును, అంటే మెయిల్ అడ్రసులో చివర వచ్చే కంపెనీ పేరును, కంపెనీ పేరు మీద కాక తన పేరు మీద కొన్నాడు. అంతేకాదు, దారిలో తన యంత్రాన్ని ఒకదాన్ని పెట్టాడు. ఫోన్లన్నీ ముందు ఆ యంత్రం దగ్గరికి పోయి, అక్కడినుంచి మా సర్వర్‌కు రావాలి. ఆ యంత్రం చూపించే సర్టిఫికెట్‌లో మా పేరు లేదు, అతని కంపెనీ పేరు ఉంది. పేరు సరిపోక అందరి తెరల మీదా ఆ పెట్టె రావడం మొదలైంది. సరిచెయ్యమని అడుగుదామంటే కాంట్రాక్టరు ఫోను ఎత్తడు.

దినకర్‌గారు నన్ను పిలిచాడు.

“మేడం, సీజన్ మొదలైపోయింది. వార్నింగ్ వస్తే కంటిన్యూ నొక్కమని అందరికీ ఒక మెయిల్ పెట్టండి.”

“ఆ మెయిల్ నేను పెట్టను సార్.”

“ఎందుకు పెట్టరు?”

“ఈపొద్దు దీనికి నొక్కమని నేర్పిస్తే, రేపు దేనికైనా నొక్కుతారు. మళ్ళీ వద్దని నేర్పించేది నాకి చేతకాదు. సర్టిఫికెట్ సరయ్యేవరకు పాత పేరుతోనే నడిపిద్దాం. పాతదానికి అన్నీ సరిగ్గా ఉండాయి.”

“కార్డులు ప్రింట్ అయినాయి, గేటు మీద బోర్డు మారింది. ఇప్పుడు పాత పేరు అంటే ఓనర్‌కి నేనేం చెప్పాలి?”

“ఉండేది ఉన్నట్టు చెప్పండి సార్.”

ఆయన నవ్వి, ఆ మెయిల్ తన పేరుతోనే పంపించాడు. వార్నింగ్‌ను పట్టించుకోవద్దు, కంటిన్యూ నొక్కి పని చేసుకోండి, ఇది మేనేజ్‌మెంట్ ఆదేశం అని. అందరూ నొక్కారు. కొన్ని ఫోన్లు ఒక్కసారి అడిగి ఊరుకున్నాయి. కొన్ని రోజూ అడిగాయి. నేను నా ఫోనులో పాత పేరే ఉంచుకున్నాను. సర్వర్‌లో కూడా పాత దారి మూయకుండా ఉంచాను. మూయమని ఆయన రెండుసార్లు చెప్పాడు. మూయలేదు.

నాగవేణి

ఫ్యాక్టరీలో లారీలు పంపే పని నాగవేణిది. గౌనిపల్లి అమ్మాయి. ఇంట్లో పట్టుపురుగులు, రెండు పాడి ఆవులు. వాళ్ళింట్లో ఆఫీసులో కూర్చుని చేసే ఉద్యోగం తెచ్చుకున్న మొదటి మనిషి ఆమే. ఏ లారీ ఎక్కడ దించాలో ఆమె మెయిల్ చూసే ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసువాళ్ళు డ్రైవర్లకు చెబుతారు.

ఒకరోజు మధ్యాహ్నం ఆమె మెయిల్ నుంచి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు ఒక మాట పోయింది. చెన్నైకి బయలుదేరిన రెండు లారీల గుజ్జు డ్రమ్ములు హార్బరు గోడౌన్‌లో కాకుండా, హోసూరు దాటాక ఒక షెడ్డులో దించాలని. వాళ్ళు అలాగే దించారు. చెన్నైలో సరుకు రాలేదని తెలిసి మనవాళ్ళు పోయేసరికి షెడ్డు ఖాళీ.

ఆ మెయిల్ పోయిన సమయానికి నాగవేణి ఫ్యాక్టరీలో తూకం దగ్గర, మా యజమాని నంజుండప్పగారి ఎదురుగానే నిలబడి ఉంది. అయినా ఆమెనే పట్టుకున్నారు. పాస్‌వర్డ్ ఎవరికో ఇచ్చి పంపించిందని దినకర్‌గారి వాదన. ఇంటికి పొమ్మన్నారు. విచారణ అయ్యాక పోలీసులకు అప్పగిస్తామన్నారు.

ఆమె నాకు ఫోన్ చేసింది. ఏడవడం లేదు.

“అక్కా, నేను పంపలేదక్కా. మా నాయన ఎందుకు ఇంటికి వచ్చేసినావని అడుగుతా ఉండాడు. ఏమని చెప్పేది?”

“ఒంట్లో బాగలేదని చెప్పు ఇప్పటికి. నువ్వు ఫోన్‌లో మెయిల్ యాడ యాడ చూసేదానివి?”

“ఫ్యాక్టరీలో. ఇంట్లో. ఇంగ సాయంత్రం బస్సు వచ్చేవరకు బస్టాండు బేకరీలో కూర్చుంటా. ఆడ వైఫై సుమ్నే, ఊరికే ఇస్తారు, ఏమీ అడగరు.”

“ఆడ ఆ పెట్టె వచ్చిందా?”

“అది యాడైనా వస్తాది గదక్కా. నొక్కమన్నారు, నొక్కినాను.”

మరుసటి రోజు సెలవు పెట్టి శ్రీనివాసపురం పోయాను. మండీ వీధి అంతా లారీలు, పండ్ల వాసన, తొక్కుకుపోయిన కాయలు. నాగవేణి బేకరీ ముందు నిలబడి ఉంది. ఇద్దరం లోపల కూర్చుని టీ చెప్పాం. నేను నా ఫోనును ఆ వైఫైకి కలిపి మెయిల్ తెరిచాను.

నా ఫోనులో ఉన్నది పాత పేరు. దాని సర్టిఫికెట్ నేను స్వయంగా పెట్టింది, గడువు ఉంది, అంతా సరిగ్గా ఉంది. ఇంట్లోగానీ, రైల్లోగానీ, ఆఫీసులోగానీ దానికి ఏనాడూ వార్నింగ్ రాలేదు. ఆ బేకరీలో వచ్చింది. వివరాలు తెరిచి చూస్తే, తానే మా సర్వర్‌నని చెప్పుకుంటూ వేరేవాడెవడో నిలబడి ఉన్నాడు. పేరు చోట ఏవో అర్థంలేని అక్షరాలు, సంతకం తనది తనే పెట్టుకున్నాడు. వైఫై ఇచ్చే పెట్టెలో ఎవరో వేలు పెట్టి, మెయిల్ కోసం వచ్చే ప్రతి ఫోనునూ తన దగ్గరికి మళ్ళించుకుంటున్నాడు. కంటిన్యూ అన్నవాళ్ళ పాస్‌వర్డ్ నేరుగా వాడి చేతికి పోతుంది.

బేకరీ ఆయన భయపడ్డాడు. “మా అల్లుడు పెట్టించినాడమ్మా ఆ పెట్టె. దాని కత నాకేమీ తెలీదు,” అన్నాడు. నిజమే చెప్పాడని నా నమ్మకం. ఆ పెట్టె కొన్న రోజున దాంతో వచ్చిన పాస్‌వర్డే, మార్చకుండా, దానికి ఇంకా ఉంది. సీజన్‌లో ఆ వీధిలో ఎక్కడెక్కడి మనుషులో తిరుగుతారు. ఎవరైనా చేసి ఉండొచ్చు. ఆయన ముందే నా ఫోను తెరమీద కనిపించినదాన్ని బొమ్మలుగా తీసుకుని, వైఫై ఆపించాను.

నాగవేణి తన ఫోనును బల్ల మీద బోర్లించింది. “అయితే నేనే ఇచ్చినానా అక్కా వాడికి?”

“నువ్వు ఇయ్యలేదు. నీ చేత ఇప్పించినారు.”

ఆమె టీ తాగలేదు. చల్లారిపోయింది.

తలనొప్పి

ఆ బొమ్మలు తీసుకుపోయి దినకర్‌గారికి చూపించాను. అన్నీ శ్రద్ధగా చూశాడు. అర్థం చేసుకున్నాడు కూడా. మనిషి తెలివితక్కువవాడు కాదు.

“అంటే వార్నింగ్ వచ్చినా నొక్కిందన్నమాట. అజాగ్రత్త. రేపు విచారణలో మీరు అదొక్కటి చెబితే చాలు మేడం. పాస్‌వర్డ్ ఆ అమ్మాయి వల్లే పోయిందని.”

“నొక్కమన్నది మీరు సార్.”

“నేను మన సర్వర్ వార్నింగ్ గురించి చెప్పాను. బేకరీ గురించి చెప్పలేదు.”

“రెండు పెట్టెలూ ఒకే మాదిరి ఉంటాయి. నాకే వివరాలు తెరిస్తేగాని తెలియలేదు. ఆయమ్మకి ఎట్ల తెలుస్తాది?”

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. “మీకు రిటైర్మెంట్ దగ్గర పడింది. ఎందుకీ తలనొప్పి?”

“తలనొప్పి నాకి అలవాటే సార్,” అని లేచి వచ్చేశాను.

పై అధికారుల గురించి ఒకటి రాస్తాను, కోపగించుకునేవాళ్ళు కోపగించుకోండి. మన మాట విననివాడితో పెద్ద ప్రమాదం లేదు. విని, అర్థం చేసుకుని, తప్పు ఇంకొకరి నెత్తిన వెయ్యడానికి మన నోరు అడిగేవాడే ప్రమాదం. నోరు ఇవ్వకండి. సాంకేతికమైన మాట మనం చెబితే గదిలో ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. అందుకే దాన్ని అడుగుతారు.

విచారణ

విచారణ మాలూరు ఆఫీసు మీటింగ్ గదిలో పెట్టారు. నంజుండప్పగారు మధ్యలో, పక్కన దినకర్‌గారు, లెక్కలాయన, ఫ్యాక్టరీ మేనేజరు. నాగవేణి గోడ దగ్గర కుర్చీలో. ఆమె పక్కన వాళ్ళ నాయన, తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకుని. నిజం ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు.

దినకర్‌గారు ఇంగ్లీషు, కన్నడం, తెలుగు కలిపి చాలాసేపు మాట్లాడాడు. చివరకు, “మేడం కన్ఫర్మ్ చేస్తారు,” అని నా వైపు చూశాడు.

నేను నంజుండప్పగారిని అడిగాను. “సార్, మీ ఫోన్‌లో ఒకసారి మెయిల్ తెరుస్తారా?”

ఆయన మామిడి తోటల నుంచి ఎదిగిన మనిషి. చదువు కొంచెమే, ఓపిక ఎక్కువ. ఎందుకని అడగకుండా జేబులోంచి ఫోన్ తీసి తెరిచాడు. బొటనవేలు ఒకసారి ఆడింది.

“ఇప్పుడేమి నొక్కినారు సార్?”

“అదే అమ్మా, అప్పుడప్పుడు వస్తాది గదా. కంటిన్యూ.”

“దాంట్లో ఏమని ఉండింది?”

ఆయన ఆలోచించాడు. “చదవలేదు.”

“మూసేసి మళ్ళీ తెరవండి. ఈసారి కంటిన్యూ నొక్కొద్దు. వివరాలని ఉంటాది, అది నొక్కండి. పేరు కాడ ఏముందో అందరికీ వినపడేటట్టు చదవండి.”

ఆయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే చదివాడు. “డి, ఓ, ఎన్, జి, ఏ.” ఆగాడు. మళ్ళీ చూసుకున్నాడు. “దొంగ.”

లెక్కలాయన వంగి ఆ ఫోనులోకి చూశాడు.

“ఈ గది వైఫైలో పొద్దున నేను ఒక యంత్రం పెట్టినాను సార్. మన మెయిల్ సర్వర్ నేనే అని చెప్పుకునే యంత్రం. దానికి సర్టిఫికెట్ నేనే రాసినాను, పేరు దొంగ అని పెట్టినాను. అది మీ పాస్‌వర్డ్ దాచుకోదు, అట్లనే పారేస్తాది, ఎవరు నొక్కినారో ఒకటే రాసిపెట్టుకుంటాది. నిజం దొంగ పారెయ్యడు. ఈ గదిలో మెయిల్ తెరిచినవాళ్ళంతా దొంగ అని పేరు రాసి పెట్టుకున్నవాడికి తలుపు తీసినారు. పొద్దున్నుంచి ఒక్కరు కూడా చదవలేదు. దినకర్ సార్ కూడా నొక్కినారు.”

దినకర్‌గారు లేచి నిలబడ్డాడు. “ఇది చట్టవిరుద్ధం. పర్మిషన్ లేకుండా కంపెనీ నెట్‌వర్క్‌లో ఇట్లాంటివి పెట్టడం పెద్ద నేరం. ముందు ఈమె మీద యాక్షన్ తీసుకోవాలి.”

“తీసుకోండి సార్. ఈయమ్మని వదిలిపెట్టి తీసుకోండి.”

నంజుండప్పగారు ఫోన్‌ను ఇంకా చూస్తూనే ఉన్నాడు. దాన్ని బల్ల మీద పెట్టి, నాగవేణి నాయన వైపు తిరిగాడు.

“తప్పు మాదప్పా. నీ కూతుర్ది కాదు. తలుపు తీసిపెట్టమని చెప్పింది మేమే.”

ఆ పెద్దాయన లేచాడు. తలగుడ్డ చుట్టుకున్నాడు. నాగవేణి చెయ్యి పట్టుకుని, “రామ్మా, పోదాం,” అన్నాడు. నాగవేణి లేవలేదు. “నేను ఈపొద్దు లారీలు పంపాల నాయనా. నువ్వు పో,” అంది.

తర్వాత

దొంగలు దొరకలేదు. పోలీసులకు చెప్పాం, వాళ్ళు వచ్చి బేకరీ పెట్టె పట్టుకుపోయారు, అంతే. సరుకులో కొంత కృష్ణగిరి దగ్గర ఒక ఖాళీ స్థలంలో దొరికింది, పాడైపోయి. నష్టం నష్టమే.

నాకు మెమో ఇచ్చారు, అనుమతి లేకుండా నెట్‌వర్క్‌లో యంత్రం పెట్టినందుకు. తీసుకున్నాను. మెమోలో రాసిన మాటలో తప్పు లేదు. అలా చెయ్యకూడదు, మీరూ చెయ్యకండి, ముందు అనుమతి తీసుకోండి. నా విషయంలో అనుమతి ఇవ్వాల్సినవాడు దినకర్‌గారు. అందుకే అడగలేదు. ఈరోజు మళ్ళీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ అదే చేస్తాను, ఇంకో మెమో తీసుకుంటాను.

విచారణ ముగిసిన సాయంత్రానికే అందరి ఫోన్లనూ పాత పేరుకు తిప్పాను. నంజుండప్పగారు స్వయంగా బెంగళూరు పోయి, కాంట్రాక్టరు ఆఫీసులో పొద్దున్నుంచి కదలకుండా కూర్చుని, కొత్త పేరును కంపెనీ పేరు మీదికి మార్పించుకొచ్చాడు. అప్పుడు ఆ దారిలో ఉన్న యంత్రాన్ని పీకేసి, మా సర్వర్‌కే సరైన సర్టిఫికెట్ పెట్టాను. గడువు తీరకముందే సర్వరే కొత్తది తెచ్చుకునేటట్టు చేశాను. తెచ్చుకుందో లేదో రోజూ నా కళ్ళతో చూసుకునేదాన్ని. యంత్రం చేస్తుంది కదా అని వదిలేసేవాళ్ళను చాలామందిని చూశాను. వాళ్ళ సర్టిఫికెట్లు సరిగ్గా సెలవు రోజునే చచ్చిపోతాయి.

మాదీ ఒకసారి చచ్చింది. సంతకం పెట్టే పెద్దమనిషి వైపునే ఏదో అడ్డం పడి, కొత్త సర్టిఫికెట్ రాలేదు, పాతదాని గడువు అయిపోయింది. ఎవరి తెరమీదా పెట్టె రాకుండా, గడువు తీరిన నిమిషానికే నేను మెయిల్ మొత్తం ఆపేశాను. దినకర్‌గారు మెట్లెక్కి నా గదికి వచ్చాడు.

“ఒక్క పూట నొక్కుకోమంటే ఏం పోతుంది మేడం?”

“నొక్కేదానికి ఏమీ లేదు సార్. మెయిలే లేదు. ఫోన్ చేసి మాట్లాడుకోమనండి.”

ఫోన్లు చేసుకుని మాట్లాడుకున్నారు. లారీలు పోయాయి, గుజ్జు పోయింది, ఆకాశం ఊడిపడలేదు. సాయంత్రానికి కొత్త సర్టిఫికెట్ వచ్చింది, మెయిల్ వదిలాను. పని ఆగిపోతుందని బెదిరించేవాళ్ళ మాట నమ్మకండి. మెయిల్ లేకుండా ఒక పూట పని ఎలాగో జరిగిపోతుంది. చదవకుండా నొక్కే చెయ్యిని మళ్ళీ ఆపడం ఎవరి తరమూ కాదు.

నాగవేణి ఇప్పుడు రవాణా విభాగం మొత్తం చూసుకుంటోంది. ఎవరి ఫోనులోనైనా వార్నింగ్ వస్తే, ఆ ఫోను లాక్కుని వివరాలు చదివిస్తుందట. ఆమె కింద పనిచేసేవాళ్ళు విసుక్కుంటారట. విసుక్కోనీ.

నేను రిటైరైన రోజు మాలూరు ఆఫీసులో చిన్న సభ పెట్టారు. శాలువా కప్పారు. దినకర్‌గారు మంచి మాటకారి, బాగానే మాట్లాడాడు. చివరన, “మునిరత్న మేడంతో పని చెయ్యడం చాలా కష్టం. అయినా, ఆమె మనసు మంచిది,” అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

మైకు నా చేతికి ఇచ్చారు.

“దినకర్ సార్‌కి థ్యాంక్స్,” అన్నాను. “కాకపోతే ఆ ‘అయినా’ కాడినుంచి తీసేయండి సార్. ముందర చెప్పిందే చాలు.”